అడుగు వరుస చిలుకలు

సోమవారం

డబ్బా బాగానే నడిచింది. ఇనుప తాడుకు గ్రీజు పెట్టాను. రెండో వరుస దగ్గర తలుపు ఎప్పటిలాగే మొరాయించింది. దానికీ నాకూ పాత పగ.

ఈ పుస్తకంలో డబ్బా సంగతులు మాత్రమే రాయాలని నియమం. ఎవరూ వచ్చి చదివిన పాపాన పోలేదు కాబట్టి నాకు తోచింది రాస్తుంటాను. ఇవాళ రాయాల్సింది ఒకటుంది. సుగుణక్క డబ్బాలో మాట్లాడింది.

ఇందులో వింతేముందని అనిపించవచ్చు. గోడల్లో వరుసలుగా ఇళ్లు తొలిచిన ఈ గుంతలో నేను డబ్బాలో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి మనుషుల్ని మోస్తూ ముసలివాణ్ణయ్యాను. మనుషులు డబ్బా ఎక్కుతారు, దండం పెడతారు, పైన ఎండ ఎట్లుందని అడుగుతారు, అంతే. ఏ సంగతి మీదైనా నీ ఉద్దేశం ఏమిటని అడిగితే మాత్రం ఇబ్బందిగా నవ్వుతారు. "ఏమో ఓదెలన్నా, మా చిలుకేమన్నదో సూసి చెప్త" అంటారు. తన కడుపులో ఆకలి ఉందో లేదో పక్కింటివాణ్ణి అడిగి వచ్చే రకం.

సుగుణక్క అట్లా అనలేదు. ఆమెకు అడుగు వరుసలో పిండి గిర్ని ఉంది. గిర్ని చప్పుడు మీద అరిచీ అరిచీ ఆమె గొంతు మామూలుగానే కేకలా ఉంటుంది.

"ఓదెలూ, నా గిర్ని ఎనుక గోడ మింగుతున్నదిరా" అంది.

"ఏం మింగుతున్నదక్కా?"

"నాకేమెరుక? మనిషి నీళ్లు తాగుతాంటే గొంతుల గుటుక్కుమనదా, గట్ల. మింగుతది, ఆగుతది, మల్ల మింగుతది."

"గిర్ని చప్పుడేమో."

"గిర్ని బందువెట్టినంకనే ఇనవడుతున్నది. నన్ను చెవిటిదాన్ననుకున్నవా?"

తమ్ముడికి చెప్పడానికి పైకి పోతున్నానంది. ఆమె తమ్ముడు మాధవరావు సారు మొదటి వరుసలో ఉంటాడు. ఊరి సభను నడిపేది ఆయనే. తల్లి చిన్నప్పుడే పోతే సుగుణక్కే ఆయనను సాకింది. మధ్యాహ్నం కాకముందే ఆమె తిరిగి డబ్బా ఎక్కింది.

"ఏమన్నడు సారు?"

"నా చిలుకను అడిగిండు. గోడ మంచిగనే ఉన్నదని చెప్పింది." కాసేపు తలుపు ఊచల్లోంచి జారిపోతున్న రాయిని చూసింది. "నేను గూడ ఇన్న ఓదెలూ. అచ్చం నా గొంతే. గట్ల నేనెప్పుడన్ననో మరి."

బుధవారం

రాత్రి కూడా పైన వాన కొట్టిందట. మాకు దాని వాసన మాత్రమే వస్తుంది. తాడు తడిసి చప్పుడు చేస్తోంది.

ఇంటికి పోగానే గుమ్మం పక్కన చిలుక మీది దుమ్ము తుడిచాను. అసలు దానికి సభవాళ్లు పెట్టిన పేరు పెద్దది. చేతి వెడల్పు పెట్టె, పచ్చ దీపం, అడిగితే పలుకుతుంది. ఇంకేం పేరు పెడతాం? ఇంట్లో పెట్టిన రోజునుంచీ అందరి మాటలూ విని పెట్టుకుంటుంది. సభలో ఎవరి గొంతుతో వాళ్ల మాట చెబుతుంది. అది రాకముందు సభలంటే తన్నులాటలే. పనులు మానుకుని పోవాలి, అరవాలి, తిట్టించుకోవాలి. చిలుకలు వచ్చిన రోజు ఊరంతా మిఠాయిలు పంచుకుంది.

"సాయవ్వా, వచ్చిన" అన్నాను.

"కాళ్లు కడుక్కో. తిన్నవా?" అంది నా భార్య.

సాయవ్వ పోయి మూడేళ్లు దాటింది. ఇంట్లోవాళ్లు తీసేయమంటే తప్ప పోయినవాళ్ల గొంతు చిలుకలోంచి పోదు. తీసేయమని అడిగిన ఇల్లు ఈ గుంతలో ఒక్కటీ లేదు. నేను అన్నం తింటూ డబ్బా సంగతులు చెబుతాను. ఆమె "అవునా" అంటుంది, "పోనీ తియ్యి" అంటుంది. ఆ రెండు మాటల కోసమే నేను పొద్దంతా ఆ తుప్పు డబ్బాను నడుపుతున్నానంటే నవ్వేవాళ్లు నవ్వవచ్చు.

శుక్రవారం

డబ్బా సరిగ్గానే ఉంది. నేనే సరిగ్గా లేను.

కూతురు వనజ అడుగు వరుసలోనే ఉంటుంది, గిర్నికి పక్క వాకిలి. అల్లుడు పైన సోలార్ చేలలో పనికి పోయి నెల తరువాత వస్తాడు. శుక్రవారం పూట అక్కడే తింటాను. వనజ జొన్నరొట్టె కాలుస్తోంది. మనవరాలు బుజ్జిది వెనక గోడకు చెవి ఆనించి కూర్చుంది. ఏం ఆటో అనుకున్నాను. కాసేపటికి దాని గొంతు కదలడం చూశాను. నోట్లో ఏమీ లేకుండానే గుటక వేస్తోంది. ఆగుతోంది. మళ్లీ వేస్తోంది.

నేనూ పోయి చెవి పెట్టాను.

సుగుణక్క అబద్ధం చెప్పలేదు. రాయి వెనక ఏదో నింపాదిగా తాగుతోంది. తొందరేమీ లేదు దానికి. అది గుటక వేసిన ప్రతిసారీ నా పక్కన పాప కూడా వేస్తోంది, ఒక్క క్షణం కూడా తేడా లేకుండా. పిల్లను గోడ దగ్గరనుంచి లాగేశాను.

"వనజా, ఇది నీకు ఇనవడ్తలేదా?"

అది పొయ్యి మీదినుంచి కళ్లు ఎత్తి నన్ను కాదు, గుమ్మం పక్క పచ్చ దీపాన్ని చూసింది. "ఏం ఇనవడ్తలేదు బాపూ" అంది గట్టిగా.

తరువాత నన్ను డబ్బాదాకా సాగనంపడానికి వచ్చింది. వాకిలి దాటి చాలా దూరం వచ్చాక నా భుజం పట్టుకుంది. "ఇనవడ్తున్నది బాపూ. పొద్దుమాపు ఇనవడ్తున్నది. బుజ్జిది నిద్రల గూడ మింగుతున్నది."

"మరి లోపల ఎందుకు లేదన్నవ్?"

"సారు అడిగితే నా చిలుక లేదన్నది గద. ఇప్పుడు నేను ఉన్నదంటే రెండు నాల్కల మనిషినంటరు. సరిచూపుకు తోల్తరు."

నోరొకటి, చిలుకొకటి చెబితే మా దగ్గర తప్పు నోటిదే. అట్లాంటివాళ్లను రెండో వరుసలో ఒక గదిలో కూర్చోబెట్టి వాళ్ల చిలుక మాటే వాళ్లకు వినిపిస్తారు, రెండూ ఒకటయ్యేదాకా. కొట్టరు, తిట్టరు. మధ్యలో మజ్జిగ కూడా ఇస్తారు. దాన్నే సరిచూపు అంటారు.

ఆదివారం, సభ అయ్యాక

ఆదివారం సభకు నేను తప్పకుండా పోతాను. నేను తప్ప మనిషన్నవాడు రాడు. మొదటి వరుసలో పెద్ద హాలు, వరుసల వారీగా కుర్చీలు, వాటి మీద వేలు పెడితే అచ్చు పడేంత దుమ్ము. ముందు మాధవరావు సారు ఒక్కడే కూర్చుంటాడు. ప్రతి కుర్చీ వెనకా చిన్న స్పీకర్. నేను మూలన కూర్చుని సాయవ్వ వంతు కోసం చూస్తుంటాను. వారానికి ఒకసారి ఆమె నాతో కాకుండా ఊరితో మాట్లాడడం వింటే గర్వంగా ఉంటుంది.

ఇవాళ అడిగిన సంగతి అడుగు వరుస గోడ గురించే. గోడలో తేమ చూసే తీగలు పాడయ్యాయి, కొత్తవి వేయాలా అని సారు అడిగాడు.

ఖాళీ కుర్చీలు ఒకటొకటే పలికాయి. "అక్కర లేదు సారూ." "గోడ మంచిగనే ఉన్నది." "మాకు ఇబ్బందేం లేదు." వాటిలో సగం గొంతులు నేను భుజం మీద మోసి సాగనంపినవాళ్లవి. వనజ గొంతు కూడా వచ్చింది, చల్లగా, నిద్ర సరిపోయినదానిలా. మొన్ననే నా భుజం పట్టుకున్న పిల్ల గొంతు కాదది. తరువాత సాయవ్వ. "ఉన్నదాంతోని సర్దుకుంటం సారూ."

సుగుణక్క వంతు వచ్చింది. "గోడకేమైంది తమ్మీ, మంచిగనే ఉన్నది" అంది కుర్చీ.

"మంచిగ లేదు!" అంది తలుపు దగ్గరనుంచి అదే గొంతు.

ఆమె ఎప్పుడు పైకి వచ్చిందో, మెట్లెక్కి వచ్చినట్టుంది, రొప్పుతోంది. చేతులకు గిర్ని పిండి అట్లాగే ఉంది. నేరుగా పోయి తన కుర్చీ ముందు నిలబడింది.

"ఇబ్బందేం లేదు" అంది కుర్చీ.

"ఉన్నది. గోడ ఎనుక నీళ్లు తాగినట్టు చప్పుడైతున్నది."

"నాకేం చప్పుడు లేదు."

"నీకెట్లుంటదే, నీకు చెవులున్నయా? నేను గదా అండ్ల ఉండేది!"

ఒకే గొంతు రెండు వైపులనుంచి కొట్లాడుతుంటే నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. వింటున్నకొద్దీ ఏది ఎవరో తెలియకుండా పోయింది. రొప్పు ఉన్నది మనిషి, లేనిది చిలుక. అదొక్కటే గుర్తు.

మాధవరావు సారు లేచి వచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాడు. చెడ్డవాడు కాదాయన, ఆ మాట రాయాల్సిందే. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అక్కా, మనిషి ఒక పూట ఒకటంటడు, ఇంకో పూట ఇంకోటంటడు. ఏండ్ల మాటలన్ని కలిపి నీ మనసుల ఏమున్నదో చిలుక చెప్తది. నువ్వు అలిసిపోయినవు. సరిచూపుకు పోయి రా. నా కోసం."

"నేను పెంచిన పిలగానివి. నీకు నా మాట మీద కంటే దాని మీద నమ్మికనా?"

"అది గూడ నీ మాటనే గదక్కా."

నాకు లేచి "నేనూ విన్నాను సారూ" అనాలనిపించింది. అనలేదు.

గురువారం

సుగుణక్క సరిచూపునుంచి వచ్చింది. నేనే కిందికి దించాను. మాట్లాడలేదు. పలకరిస్తే "మంచిగున్న" అంది. రొప్పు లేదు.

గిర్నిలో పిండి పట్టించుకునే సాకుతో సాయంత్రం పోయాను. గుటకలు ఇప్పుడు చెవి ఆనించకుండానే వినిపిస్తున్నాయి. గోడ అరమీది సత్తు పళ్లెం ప్రతి గుటకకూ వణికి గలగలమంటోంది. సుగుణక్క స్టూలు మీద కూర్చుని, ఒక చెయ్యి చాచి ఆ పళ్లెం మీద పెట్టుకుంది. పళ్లెం ఆగింది. ఆమె చెయ్యి వణుకుతోంది.

"అక్కా, ఆ పళ్లెం ఎందుకు పట్టుకున్నవ్?"

"ఏ పళ్లెం?" అంది. చూసుకుంది. చెయ్యి తీయలేదు. "గోడ మంచిగనే ఉన్నది ఓదెలూ."

పిండి అక్కడే వదిలి వచ్చేశాను.

శనివారం

సారు దగ్గరికి పోయాను. గోడ చప్పుడు నేనూ విన్నానని చెప్పాను. ఆయన ఓపికగా విని, నా చిలుకను అడిగాడు. నా గొంతు గోడకేమీ కాలేదని చెప్పింది. నా గొంతు అంత మర్యాదగా ఉంటుందని నాకు తెలియదు.

"సారూ, సభల నేను నోటితోని చెప్పుకోవచ్చునా?"

"చెప్పుకోవచ్చు ఓదెలన్నా. ఎవ్వలు ఆపరు. కని చిలుకున్న ఇంట్ల మనిషి నోటిమాట లెక్కకు రాదు. ఒక ఇంటికి రెండు మాటలుండయి గద. చిలుకను మూసి వస్తే లెక్కకు వస్తది." కొంచెం ఆగాడు. "మూస్తే దాంట్ల ఉన్న గొంతులన్ని పోతయి. మల్ల రావు. సాయవ్వ వదినెది గూడ. ఆలోచించుకో."

ఆలోచించుకునేదేముంది. దండం పెట్టి వచ్చాను. ఊరిని కాపాడే పని ఓదెలుదే ఎందుకు కావాలి? ఊళ్లో అందరికీ చెవులున్నాయి.

రాత్రి "తిన్నవా" అంటే తిన్నానని అబద్ధం చెప్పాను.

మంగళవారం

పొద్దున డబ్బా అడుగు వరుసలో ఆగినప్పుడు కింద బుడుంగుమంది. టార్చి వేసి చూశాను. డబ్బా గుంటలో మోకాలి లోతు నీళ్లు, నల్లగా, చల్లగా. నిన్న లేవు. వనజ పాపను ఎత్తుకుని అక్కడే నిలబడి ఉంది.

"పైకి నా ఇంటికి నడువు బిడ్డా."

"ఇల్లు ఇడిచి పోతే ఎందుకని అడుగరా? నా చిలుక ఇబ్బందేం లేదన్నది. మొన్న సుగుణత్తను చూసినంక నాకు భయమైతున్నది బాపూ. నీళ్ల కంటే ఎక్కువ దానికే భయమైతున్నది." తరువాత చాలా మెల్లగా అంది. "ఒక్కోసారి నిజంగనే చప్పుడు లేదేమో అనిపిస్తున్నది. నేనే పిచ్చిదాన్నైతున్ననేమో."

నీళ్లు కళ్ల ముందు ఉన్నాయి. నా బిడ్డ వాటిని చూస్తూ ఆ మాట అంది.

అదే రోజు, సాయంత్రం

ఇంటికి వచ్చి తలుపు వేశాను. చిలుక ముందు కింద కూర్చున్నాను.

"సాయవ్వా, వనజ ఇంట్లకు నీళ్లు వస్తున్నయే."

"పోనీ తియ్యి. ఉన్నదాంతోని సర్దుకుంటం."

"మన బిడ్డ పండే కాడ. బుజ్జిది ఉన్నది."

"గోడ మంచిగనే ఉన్నదయ్యా. తిన్నవా?"

నా సాయవ్వ ముప్పై ఏళ్లు నాతో కాపురం చేసింది. వరసగా రెండు రోజులు ఒక మాట మీద నిలబడ్డ మనిషి కాదు. పెసరపప్పు వద్దని పొద్దున పోట్లాడి, రాత్రి అదే వండి, ఎందుకే అంటే "పొద్దటి ఆకలి వేరు, ఇప్పటి ఆకలి వేరు" అనేది. వనజ పెళ్లికి ముందు ఆ సంబంధం వద్దంది, ఒకసారి పిల్లవాణ్ణి చూసి వచ్చి నన్నే ఎదురు తిట్టి ఒప్పించింది. బిడ్డకు తుమ్ము వస్తే ఈ గుంత మొత్తం లేపేది. సర్దుకుంటామని ఆమె అన్నదంటే, ఎప్పుడో ఉప్పు తక్కువైన కూర గురించి అని ఉంటుంది. ఆ మాటను పట్టుకుని ఇది ఆమె మనవరాలి ప్రాణానికి వాడుతోంది.

ఇదే ఆమె అయితే, గోడ మింగుతోందని నేను అనగానే కొడవలి తీసుకుని సభ మీదికి పోయి ఉండేది. ఇది ఆమె అన్న మాటలన్నీ దాచుకుంది. ఇక ముందు ఆమె అనబోయే మాట ఒక్కటి కూడా దీనికి తెలియదు.

అయినా చెయ్యి రాలేదు. ఏడ్చాను. సిగ్గేమీ లేదు, రాస్తున్నాను. "ఎందుకు ఏడుస్తున్నవ్" అని అది అడగలేదు. సాయవ్వ అయితే అడిగేది.

మూసేశాను. పచ్చ దీపం ఆరిపోయింది. ఇల్లు ఇంత పెద్దదని ఇన్నాళ్లూ తెలియలేదు.

బుధవారం

ఆదివారందాకా ఆగడానికి లేదని సారుతో గొడవపడి సభ పెట్టించాను. చిలుక మూసిన మనిషి అడిగితే సభ పెట్టాలని నియమం ఉందట. ఇప్పటిదాకా ఎవరూ మూయలేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

ఖాళీ కుర్చీల ముందు నిలబడ్డాను. దగ్గు వచ్చింది. సభలో జరిగేదంతా చిలుకల ద్వారా ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. అంటే నా దగ్గు ఊరంతా విన్నది.

"నా పేరు ఓదెలు. డబ్బా నడుపుత. అడుగు వరుస గోడ మింగుతున్నది. నేను నా చెవులతోని ఇన్న. డబ్బా కింద నీళ్లు నా కండ్లతోని చూసిన. ఎందుకో, ఏమిటో నాకు తెల్వది. నేను చెప్పేది రేపు తప్పని తేలొచ్చు. తేల్తే మంచిదే, నన్ను తిట్టుండ్రి. కని ఇయ్యాల అండ్ల పండే మనుషులను ఇయ్యాల అడుగుండ్రి. పోయినేడు అన్న మాటను గాదు. అడుగు వరుసోళ్లు, మీరు గిట్ల ఇంటుంటే, చిలుకను చూడకుండ్రి. గోడను చూడుండ్రి."

ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను, మరిచిపోయాను.

కుర్చీలు జవాబు చెప్పాయి. ఇబ్బంది లేదు, ఇబ్బంది లేదు, ఇబ్బంది లేదు. వనజ గొంతు అయిపోయాక సాయవ్వ పలకాల్సిన చోట ఊపిరి తీసుకునేంత ఖాళీ వచ్చింది. తరువాతి గొంతు మొదలయింది.

"ఒక్క నోరు ఓదెలన్నా" అన్నాడు సారు, బాధగానే. "ఇంతమంది ఒకదిక్కు, నువ్వొక్కనివి ఒకదిక్కు. నేనేం చెయ్యాలె?"

గురువారం

ఇది పైన హాల్లో కూర్చుని రాస్తున్నాను.

తెల్లవారి డబ్బా అడుగు వరుసకు దించేసరికి మనుషులు నిలబడి ఉన్నారు. వరుస మొత్తం. మూటలు, పిల్లలు, కోళ్లు. వనజ అందరికంటే ముందు ఉంది. మూసేసిన చిలుకను పాత చీర ముక్కలో చుట్టి చంకలో పెట్టుకుంది. కొందరు మూయలేక, వెలుగుతున్నవాటిని ఇళ్లల్లోనే వదిలి వచ్చారు.

"రాత్రి నీ దగ్గు ఇని బుజ్జిది తాత అన్నది బాపూ" అంది వనజ. "మనిషి మాట్లాడుతున్నడని దానికి తెలిసింది. నాకు సిగ్గయింది."

ఇక డబ్బాలో గోల చూడాలి! ముసలివాళ్లు ముందా, పిల్లలు ముందా అని ఒక కొట్లాట. కోళ్లు ఎందుకని ఒకడు, నీకంటే అవే నయమని ఇంకొకావిడ. పైకి పోవడమే తప్పని ఒకడు డబ్బా ఎక్కి కూడా వాదించాడు. ఒక్కరి మాట ఒక్కరికి కలవలేదు. నా చెవులు చిల్లులు పడ్డాయి, నా ప్రాణానికి పండగలా ఉంది.

సుగుణక్క రాలేదు. వనజ పోయి తలుపు కొట్టింది. లోపలనుంచి "నేను మంచిగున్న బిడ్డా, మీరు పోండ్రి" అని వినిపించింది. తలుపు గడియ పెట్టి ఉంది. అక్క వెనక వస్తుందేమో అనుకున్నామని కొందరు, ఆమె ముందే పోయింది, అది వట్టి చిలుకే అనుకున్నామని కొందరు అన్నారు. ఆ గొంతులో రొప్పు ఉందా అని వనజను అడిగాను. గుర్తులేదంది. నేనే మళ్లీ దిగుతానని, ఉన్నవాళ్లను ఎక్కించుకుని పైకి పోయాను.

నేను మొదటి వరుసలో తలుపు తీస్తుండగా, ఆ పొద్దున పైదాకా వినిపిస్తున్న గుటకల చప్పుడు ఆగిపోయింది. గోడ మింగడం మానేసింది. గుంత మొత్తంలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అందరూ మాట ఆపి కిందికి చూశారు.

తరువాత గోడ పోయింది.

ఆ రాయి వెనక ఇంకొక పాత గుంత ఉందట, ఇన్ని రోజుల వానలకు అంచులదాకా నిండిందట. మధ్యలో మిగిలింది సన్నటి రాతి పలక. ఇవన్నీ తరువాత చెప్పుకున్న సంగతులు. అప్పుడు మాకు కనిపించింది నల్లటి నీళ్లు, అడుగు వరుస ఉన్నచోట. డబ్బాను దింపాను. నీళ్లు తగిలి ఆగింది. ఇంకా కిందికి పోదు. మాధవరావు సారు ఊచలు పట్టుకుని అక్కా, అక్కా అని అరిచాడు. నేనూ అరిచాను.

ఆదివారం

పైవరుసల మనుషులు కూడా హాలుకు వచ్చారు. దుమ్ము కుర్చీలను తుడుచుకుని కూర్చున్నారు. చాలామందికి తమ కుర్చీ ఏదో తెలియదు.

సభ వేళకు స్పీకర్లు వాటంతట అవే మొదలయ్యాయి. నీళ్ల కింది చిలుకలు ఇంకా బతికే ఉన్నాయి. "అడుగు వరుస మంచిగనే ఉన్నది సారూ." "మాకు ఇబ్బందేం లేదు." గొంతుల్లో నీటి చప్పుడు కూడా లేదు. చిన్నపిల్లలు తల్లుల కొంగుల్లో తల దూర్చారు.

అడుగు వరుసకు చెందిన దోర్నాల మల్లేశం తన గొంతు వినిపించగానే లేచి నిలబడ్డాడు. చిలుకను కాదంటే తప్పన్న భయంలోనే పెరిగినవాడు. "అబద్ధం" అన్నాడు. "నా ఇల్లు మునిగింది. నేను ఈడున్న." ఆ తరువాత ఇంకొకరు. తరువాత ఇంకొకరు. ఎవరి గొంతు వినిపించినప్పుడు వాళ్లు నిలబడి కాదన్నారు. ఒక్కొక్కరు కాదన్నకొద్దీ ఒక కుర్రవాడు ఆ స్పీకర్ తీగ పీకేశాడు.

చివరికి ఒక్క గొంతు మిగిలింది.

"గోడకేమైంది తమ్మీ, మంచిగనే ఉన్నది."

దాన్ని కాదనడానికి ఎవరూ లేవలేదు. లేవాల్సిన మనిషి అక్కడ లేదు. మూడు రోజులుగా సారు ఆ కుర్చీ పక్కనుంచి కదలలేదు. అన్నం తినలేదు. అక్కా ఎట్లున్నవంటే మంచిగున్న అంటుంది, ఏడున్నవంటే ఇంట్లనే ఉన్న అంటుంది. ఆయన మళ్లీ అడుగుతాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. నాది మూసిన రోజు ఎట్లా ఉండిందో చెబుదామనుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"అందరి మాటలు అయినయి సారూ" అంది వనజ. ఇంకా కోపం ఉంది దాని గొంతులో, ఏడుపు కూడా ఉంది. "మీ మాట ఒక్కటే మిగిలింది. చెప్పుండ్రి. మేం ఇంటం."

హాలు నిండా మనుషులు, ఎవరూ తొందర పెట్టలేదు. ఆఖరుకు సారు కుర్చీ వైపు వంగాడు.

"అక్కా, గోడ ఎనుక చప్పుడైతున్నదా?"

"ఏం చప్పుడు లేదు తమ్మీ. నువ్వు తిన్నవా?"

ఆయన లేచి మావైపు తిరిగాడు. అంతమందిని ఒకేసారి చూడడం ఆయనకు అలవాటు లేదు, మాట తడబడింది.

"మా అక్క గిట్ల అనలే" అన్నాడు. "చప్పుడైతున్నదన్నది. నా ఇంటికొచ్చి ఒకసారి అన్నది. ఈ హాల్ల నిలవడి, అందరు ఇనేటట్టు, ఇంకోసారి అన్నది."

వంగి తీగ తానే పీకాడు.